మంచం కింద ఎరుపు

ఐదున్నరకల్లా సువార్తమ్మ కళ్ళవార్డు ఊడవడం మొదలుపెట్టాలి. ఏడింటికి సిస్టరు అమలమ్మగారు వస్తారు, ఎనిమిదింటికి డాక్టరుగారి రౌండు. ఈలోగా పద్దెనిమిది మంచాల కిందా ఊడిచి, ఫినాయిలు నీళ్ళతో తుడిచి, ఎవరి మంచం కింద ఎంత రంగు రాలిందో గుర్తు పెట్టుకోవాలి. చదువు రాదు కాబట్టి అంతా బుర్రలోనే. పదకొండేళ్ళుగా ఆమె ఒక్కనాడూ తప్పు చెప్పలేదని డాక్టరు వెంకటసుబ్బారావుగారే కొత్త డాక్టర్లకు చెబుతుంటారు.

రంగు అందరికీ రాలదు. శుక్లాలొచ్చిన ముసలివాళ్ళది కంటి ముందు తెర గొడవ, తెర తీసేస్తే సరి. కంటి వెనక నరం వాచినవాళ్ళకే నిద్రలో రంగులు రాలి మంచం కింద పడతాయి. ముందు ఎరుపు, తర్వాత ఆకుపచ్చ, పసుపు, చిట్టచివరికి నీలం. ముగ్గుల్లో అద్దే రంగుపొడిలాగా మెత్తగా ఉంటుంది. చూడవచ్చిన చుట్టాలు "కాస్త చూసి నడవండి, రంగు తొక్కుతారు" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు. అంతకుమించి దాన్నెవరూ పట్టించుకోరు.

నరం వాపుల్లో ఎన్ని రకాలున్నాయో సువార్తమ్మకు చీపురే నేర్పింది. క్షయకు మాత్రలు మింగే పామర్రు బండి మనిషికి ఎరుపూ ఆకుపచ్చా కలిసి రాలేవి. ఆ మాత్ర ఆపించారు, రెండు నెలలకు రాలడం ఆగింది. ఓ పంతులమ్మకు ఒక్క కన్నే వాచింది. వారం రోజులు ఎరుపు రాలాక, ఓ పొద్దున మంచం కింద పొడి దానంతటదే మాయమై ఆమె చూపు ఆమెకొచ్చేసింది. కంకిపాడు అవతల నుంచి తెచ్చిన ఇద్దరు కూలీలు సారా అనుకుని వడ్రంగులు వాడే స్పిరిట్ తాగారు. వాళ్ళకు ఒక్క రాత్రిలో చేటెడు రాలింది. తెల్లారి ఒకడు గోడ పట్టుకుని నడిచాడు, రెండోవాడు మంచం దిగనే లేదు.

రౌండులో డాక్టరుగారు ముందు కంట్లో దీపం వేసి చూస్తారు. తర్వాత తలెత్తి, "ఎంత రాలింది సువార్తమ్మా?" అంటారు. "చిటికెడండి", "గుప్పెడండి" అని ఆమె ఎంత చెబితే అంత కేసు కాగితం మీద రాస్తారు. ఆ ఆసుపత్రి మొత్తంలో ఓ ఆయా మాట కాగితమెక్కేది ఆ ఒక్క వార్డులోనే. సువార్తమ్మకు ఆ గర్వం ఉంది. భవానీపురంలో చర్చి మెట్ల మీద కూర్చుని నలుగురికీ చెప్పుకునేది కూడా.

డెబ్బై నాలుగు వేసవిలో మాణిక్యమ్మ వచ్చింది. వాళ్ళది మంగళగిరి. మొగుడు జక్కయ్య మగ్గం నేస్తాడు. ఈమె రంగునూలు కండెలు చుట్టి అందిస్తుంది, అంచులో తెగిన పోగులు అతుకుతుంది. ఇరవై ఆరేళ్ళ మనిషి. మూడు నెలలుగా లేస్తూనే తలనొప్పి, వాంతులు. వంగి లేస్తే క్షణం సేపు అంతా నల్లబడిపోయేది. ఒకరోజు ఎర్ర కండె అడిగితే కాఫీరంగుది అందించింది. జక్కయ్య అప్పటికి గాని కదల్లేదు.

"జబ్బు కంట్లో లేదయ్యా," అన్నారు డాక్టరుగారు. "తల లోపల ఏదో పెరిగి ఒత్తిడి చేస్తోంది. దాంతో రెండు నరాలూ వాచాయి. విశాఖపట్నానికి ఉత్తరం రాసిస్తాను, ఆపరేషన్ చేయించుకోండి."

"తల కోస్తారాండీ?" అన్నాడు జక్కయ్య.

"కొయ్యకుండా ఎలా తీస్తారు? సరే, రెండు వారాలు మందులతో చూద్దాం. రాలడం తగ్గిందా మంచిదే. లేదంటే ఆ రోజే రైలెక్కండి."

ఆ మధ్యాహ్నం మాణిక్యమ్మ సువార్తమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆయమ్మా, నువ్వు ఎంతోమందిని చూసుంటావు. అక్కడికెళ్ళినోళ్ళు తిరిగొస్తారా?"

రెండేళ్ళ కింద సువార్తమ్మ చెల్లెలు మార్త అలాంటి ఉత్తరమే పట్టుకుని విశాఖపట్నం వెళ్ళింది. తలకు తెల్లగుడ్డ చుట్టి పెట్టెలో తెచ్చారు. ఆపరేషన్ చేసినా బతకనంత ఆలస్యంగా తీసుకెళ్ళారని అక్కడి డాక్టర్లు చెప్పారుగానీ, సువార్తమ్మ కళ్ళకు ఆ తెల్లగుడ్డ ఒక్కటే మిగిలింది.

"ఎందుకు రారమ్మా," అంది. ఆ మాటలో బలం లేదని ఇద్దరికీ తెలిసింది.

మొదటి సోమవారం మాణిక్యమ్మ మంచం కింద దోసెడు ఎరుపు రాలింది. "ఎంత?" అన్నారు డాక్టరుగారు. మాణిక్యమ్మ తలగడ మీంచి లేచి సువార్తమ్మ మొహంలోకే చూస్తోంది.

"చిటికెడండి."

డాక్టరుగారు రాసుకుని వెళ్ళిపోయారు. ఆ పూట మాణిక్యమ్మ కడుపునిండా తింది. ఆమె తినడం చూస్తుంటే సువార్తమ్మకు తను చేసింది తప్పని అనిపించలేదు. ఊడ్చిన పొడి చెత్తడబ్బాలో వేస్తే అమలమ్మగారి కంటపడుతుందని, ఖాళీ పాలపొడి డబ్బాలోకెత్తి ఆయాల గదిలో మడతపెట్టిన తన చీర కింద దాచింది.

గురువారం ఆకుపచ్చ కూడా రాలింది. "తక్కువేనండి." ఆ తర్వాతి సోమవారం పసుపు. "అట్టాగే ఉందండి." రోజూ ప్రార్థనలో, ప్రభువా నా అబద్ధాన్ని నిజం చెయ్యమని అడిగింది. పాపం చేసి పైగా పని కూడా ఆయనకే అప్పగించింది.

మూడో సోమవారం డాక్టరుగారు దీపం వేసి చూసి, ఇంకోసారి చూసి నవ్వారు. "వాపు బాగా దిగిందే. వేళ్ళెన్నమ్మా?"

"మూడండి," అంది మాణిక్యమ్మ. ఎదురుగా ఉన్నది చివరిదాకా కనపడే జబ్బది. చుట్టూ ఉన్నదే ముందు పోతుంది.

"ఎంత రాలింది సువార్తమ్మా?"

ఆ పొద్దున మొదటిసారి నీలం రాలింది. డబ్బా మూత పట్టనంత రాలింది.

"ఏం లేదండి."

విశాఖపట్నం ఉత్తరం ఆయన రాయలేదు. జక్కయ్య కొండమీద స్వామికి పానకం పోయించి, మిగిలింది సీసాలో తెచ్చి వార్డంతా పంచాడు. సువార్తమ్మకూ ఓ గ్లాసు ఇచ్చాడు. ఆమె కాదనకుండా తాగింది.

ఇంటికెళ్ళిన పన్నెండు రోజులకు జక్కయ్య పెళ్ళాన్ని చెయ్యిపట్టి నడిపించుకొచ్చాడు. దీపం కంటికి ఎంత దగ్గరగా తెచ్చినా ఆమె రెప్ప ఆర్పలేదు. డాక్టరుగారు చాలాసేపు చూసి పనిముట్టు బల్లమీద పెట్టేశారు.

"నరం సున్నంలా తెల్లబడిపోయింది," అన్నారు. "నేనారోజు చూసింది నిజమే. వాపు తగ్గింది. నరం చచ్చిపోతున్నా వాపు తగ్గుతుంది, ఎండిపోయే చెరువులో నీళ్ళు తగ్గినట్టు. ఇందులో తేడా తెలిసేది కింద రాలినదాన్ని బట్టే." ఆ తర్వాత సువార్తమ్మ వైపు తిరిగారు. "నిజంగా ఎంత రాలింది?"

ఆమె వెళ్ళి డబ్బా తెచ్చి బల్లమీద పెట్టింది. ఆయన మూత తీసి చూశారు. మళ్ళీ మూత పెట్టేశారు. తిట్టి ఉంటే బాగుండునని సువార్తమ్మ చాలాకాలం అనుకుంది.

మాణిక్యమ్మను ఆ రోజే రైలెక్కించారు. తలలోంచి నిమ్మకాయంత గడ్డ తీశారట. ప్రాణం దక్కింది. ఉద్యోగం ఊడకపోయినా, వార్డులో ఎంత రాలిందని డాక్టరుగారు సువార్తమ్మను మళ్ళీ అడగలేదు. చేట పట్టుకెళ్ళి అమలమ్మగారికి చూపించాలి, ఆవిడ చూసి చెబుతారు.

దసరా వెళ్ళాక సువార్తమ్మ ఆ డబ్బా తీసుకుని మంగళగిరి బస్సెక్కింది. జక్కయ్య మగ్గం గుంటలో ఉన్నాడు. మాణిక్యమ్మ గోడకానుకుని చేత్తో తడుముకుంటూ కండె చుడుతోంది. అంగుళమంత జుట్టు పెరిగింది. సువార్తమ్మ నేలమీద కూర్చుని, ఏ రోజు ఎంత రాలిందో, తనేం చెప్పిందో వరసగా చెప్పేసింది. మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"నాకు తెలుసు ఆయమ్మా," అంది మాణిక్యమ్మ. "వేరే మంచాల కింద నీ చీపురు రెండుసార్లు ఆడేది. నా మంచం కింద పావుగంట ఆడేది. పడుకుని వింటానే ఉండేదాన్ని. పక్క మంచం మనిషి కనపట్టం మానేసినా నోరు మెదపలా. తల కోస్తారనే భయం. అప్పుడు నాకు నీ అబద్ధమే కావాల్సొచ్చింది."

చెయ్యి చాపింది. సువార్తమ్మ డబ్బా మూత తీసి అందించింది. మాణిక్యమ్మ వేళ్ళు లోపలికి పోనిచ్చి పొడిని నలిపింది.

"ఇందులో నా ఎరుపుందా?"

జక్కయ్య గుంటలోంచి లేచొచ్చి డబ్బాలోకి చూశాడు. "ఉందే. మిరపపండులాగుంది. ఈ రంగు మనూళ్ళో ఎవరి దగ్గరా లేదు."

"ఆయమ్మా, నువ్వు చెప్పు."

సువార్తమ్మ డబ్బాలోకి చూసింది. జక్కయ్య ఆమెను కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"లేదమ్మా. అంతా బూడిదైపోయింది."

మాణిక్యమ్మ వేళ్ళు బయటికి తీసి చీరకు తుడుచుకుంది. డబ్బా పక్కన పెట్టి, వెతుక్కుని కండె మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఇట్టా నిజం ఆ మొదటి సోమవారమే చెప్పుంటే నీమీద ఏడ్చేదాన్ని, శాపనార్థాలు పెట్టేదాన్ని, రైలెక్కేదాన్ని," అంది. "ఇంక రావద్దులే ఆయమ్మా. ఈయన ఎరుపంటే ఎరుపని, పచ్చంటే పచ్చని బతకాల్సినదాన్ని. నువ్వొచ్చి నిజాలు చెబితే నాకు కష్టం."