చెంప మీద ఎరుపు

మా ఫొటో స్టూడియోలో కంప్యూటర్ తెర నిండా ఎరుపు.

ఎర్ర శాలువా. ఎర్రటి పెదాలు. ఎడమ చెంపని సగం కప్పేసిన ఎర్రటి పుట్టుమచ్చ.

ఆవిడ నవ్వుతోంది — కళ్లు మూసుకుపోయేంతగా.

"బ్లాక్ అండ్ వైట్ చెయ్యమ్మా," అన్నాడు పెద్దాయన. "అందులో మచ్చ కనిపించదటగా."

ఫొటోలో ఉన్నది ఆయన భార్య. పోయి నెలైంది. పక్కనే కూతురు, పెదవి బిగించుకుని.

ఒక్క నొక్కు నొక్కాను.

రంగులన్నీ వెళ్లిపోయాయి. మచ్చ మాత్రం వెళ్లలేదు. నల్లబడి, ఇంకా గట్టిగా కూర్చుంది.

ఆయన మొహం చిన్నబోయింది.

"జన్మంతా ఫొటో అంటే అటు తిరిగిపోయేదమ్మా. పోయాక గోడ మీదైనా మచ్చ లేకుండా పెట్టండి అంది. నన్ను అడిగింది అదొక్కటే."

"ఇది నేను తీశాను, నాన్నా," అంది కూతురు. "తిరగడం మర్చిపోయి నవ్వేసింది. చిన్నప్పుడు నేను ముద్దు పెట్టింది కూడా అక్కడే... అది తీసేస్తే నాకేం మిగులుతుంది?"

ఇద్దరూ నా వైపు చూశారు.

రంగు పోయినా దాని పగ్గం సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఎరుపుకి ఒక గీత. గీత మీద ఒక చుక్క. కుడికి జరిపితే, ఒకప్పుడు ఎర్రగా ఉన్నదంతా తెల్లబడుతుంది.

జరిపాను.

మచ్చ పలచబడింది... పొగలా... ఊదేసిన ఆవిరిలా...

పెదాలు కూడా. శాలువా కూడా. నవ్వులోంచి నెత్తురు తోడేసినట్టు.

పోయింది.

ఆయన ఊపిరి వదిలాడు. అమ్మాయి కిటికీ వైపు తిరిగిపోయింది.

చెప్పిన పని అయిపోయింది. చుక్కని అక్కడే వదిలేయాలి.

వదల్లేకపోయాను.

కొంచెం వెనక్కి. ఇంకొంచెం.

పెదాలు తిరిగొచ్చాయి. చెంప మీద — ఉందనుకుంటే ఉంది. లేదనుకుంటే, వెలుతురు అటు పడలేదంతే.

పెద్దాయన తెర మీదికి వంగాడు. "పోయినట్టేనా?"

నేను నోరు తెరిచేలోపే —

"పోయింది నాన్నా," అంది అమ్మాయి. ఎప్పుడు ఇటు తిరిగిందో. చూపు మాత్రం ఆ చెంప మీదే ఉంది.

ఆయన తలూపాడు. చెయ్యి చాచాడు. చూపుడువేలితో తెరని తాకాడు.

సరిగ్గా అక్కడే.

మచ్చ అంచు వెంబడి... మెల్లగా... ఒక చుట్టు.

"పోయింది," అన్నాడు.

వేలు మాత్రం తీయలేదు.