బంగారమ్మ సంతకం

పొద్దెక్కినా బంగారమ్మ ఆ హిందీ ప్రాంతపు పట్నంలో, గుఢియారీ బస్తీలోని తన వాకిట్లోనే కూర్చుని ఉండడం చూసి ఫణిశ్రీ ఆగింది. ఆ వేళకు ఆమె బీర్‌గావ్ ఫ్యాక్టరీలో ఉండాలి. ఒంట్లో బాగాలేదా పిన్నీ అని అడిగింది.

సోమవారం నుంచి పనిలోకి రావద్దన్నారని బంగారమ్మ చెప్పింది. ఆమె మూర్ఛకు మందులు వాడుతున్న సంగతి సూపర్‌వైజర్‌కు తెలిసిపోయిందట. ఎలా తెలిసిందంటే, ఫణిశ్రీ వాళ్ల కాలేజీ వెబ్‌సైట్‌లోని కాగితమే ఫోన్‌లో చూపించాడట.

ఆ కాగితం రాసింది ఫణిశ్రీయే.

చదువుకున్నవాళ్లం మనం చేసే తప్పులు ఇలాగే ఉంటాయి, చూడడానికి మంచి పనుల్లాగే. ఫణిశ్రీ న్యాయశాస్త్రం చివరి సంవత్సరం విద్యార్థిని. మనుషుల ముఖాలనూ వివరాలనూ యంత్రాలు సేకరించడంపై రాబోయే చట్టానికి ముసాయిదా రాయడంలో ఆమె బృందం సాయపడుతోంది. మూడో నిబంధన ఆమె రాసిందే: ఎవరి వివరాలైనా వారికి వచ్చిన భాషలో చదివి వినిపించి, వారు ఒప్పుకున్నాకే తీసుకోవాలి. ప్రొఫెసర్ సూర్యారావు గారు దాన్ని క్లాసులో రెండుసార్లు చదివి మెచ్చుకున్నారు.

ఆ ముసాయిదాకు తోడుగా కార్మికుల అనుభవాలు కావాలన్నారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే మెషీన్ గురించి బంగారమ్మ చెప్పింది. టీ తాగుతూ మాటల్లో తన మందుల సంగతీ చెప్పింది. ఫణిశ్రీ అదీ రాసుకుంది. అంగీకారపత్రం మూడు పేజీల ఇంగ్లిషు. బంగారమ్మకు వచ్చిన అక్షరాలు తెలుగువే. ఆ రోజు ఇంకా నాలుగిళ్లు తిరగాలి. "ఇక్కడో సంతకం పిన్నీ" అంది ఫణిశ్రీ, అంతే. రాసుకున్నదంతా బంగారమ్మ పేరుతోనే కాలేజీ వెబ్‌సైట్‌లోకి ఎక్కింది.

"మన పిల్లవే కదా అని పెట్టేసేనమ్మా," అంది బంగారమ్మ ఇప్పుడు. "ఆ మెషీన్ అడక్కుండా నా మొకం తీసుకుంది. నువ్వు అడిగినట్టే అడిగి తీసుకున్నావు."

తిట్టినా బాగుండేదనిపించింది ఫణిశ్రీకి. మర్నాడు కాలేజీలో అందరి ముందూ జరిగింది చెప్పింది. తన నిబంధనను తానే చదవాల్సి వచ్చినప్పుడు సిగ్గుతో తలెత్తలేకపోయింది. ఆ కాగితాన్ని వెబ్‌సైట్‌ నుంచి తీసేశారు. పోయిన పని మాత్రం తిరిగి రాలేదు.

ఆదివారం ఆమె మళ్లీ వెళ్లింది. పని తిరిగి ఇవ్వమంటూ ఫ్యాక్టరీ యాజమాన్యానికి తెలుగులో ఒక అర్జీ, అక్కడివాళ్లు చదవగలిగేలా దాని హిందీ ప్రతి తయారుచేసుకుంది. రెండూ ఒకటేనని చెప్పి, తెలుగు ప్రతి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించింది. బంగారమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ శ్రద్ధగా విన్నది.

"బాగానే రాసేవు. కానీ వద్దమ్మా. నా పేరు ఇంకెక్కడా రాయకు."

ఇది నీ మంచికే పిన్నీ అన్న మాట ఫణిశ్రీ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, అర్జీ రెండు ప్రతులూ ఆమె ముందే చించేసింది. వద్దనడానికి వీలివ్వకుండా తీసుకున్న సంతకం, ఎవరు తీసుకున్నా, ఒప్పుకోలు కాదు.