తూర్పు గోడలో కుక్క

పొద్దున్నే టీకి నీళ్ళు పెట్టి, ఇల్లు బాగయ్యేదాకా కాపురముంటున్న కారవాన్ బండి కిటికీలోంచి తన ఇంటి గోడకేసి చూడ్డం హెస్టర్‌కి అలవాటు. నార్ఫోక్‌లోని ఆ ఊళ్ళో అందరికీ అలవాటే. నాలుగొందల ఏళ్ళ కిందట పచ్చి ఇటుకలు ఆరబెడితే ఓ కుక్క తొక్కుకుంటూ పోయింది. ఆ అడుగులు ఇప్పటికీ రోజుకో ఇటుక మీదికి మారుతూ గోడంతా తిరుగుతుంటాయి. చూరు కిందికి చేరాయంటే వాన ఖాయమని ఊరంతా ఆరేసిన బట్టలు తీసుకుంటుంది.

ఇప్పుడు గోడ బోసిగా ఉంది. పాత యజమాని ముచ్చటపడి తూర్పు గోడ సందుల్లో సిమెంటు కూరించాడు. తడి బయటికి పోయే దారి లేక ఇటుకలు పొరలుపొరలుగా రాలాయి. హెస్టర్, మొగుడు ఆస్బర్ట్ కలిసి ఆ సిమెంటు చెక్కడం మొదలెట్టారో లేదో, అడుగులు మాయమయ్యాయి.

"మీ ఉలి మోతకి బెదిరి ఏ చర్చి గోడకో పారిపోయుంటుంది. నా దుప్పట్లన్నీ తడిసి ముద్దయ్యాయి" అని పబ్బు నడిపే మార్జరీ సాధిస్తూనే ఉంది.

సందుల్లో సున్నం నింపి, తొందరగా ఎండిపోకుండా తడి గోనెపట్టాలు కప్పారు. గోడ ఉంచాలో కూల్చాలో కౌన్సిల్ నుంచి ఇళ్ళు తనిఖీ చేసే గెడ్జ్ గారు వచ్చి ఇవాళే తేలుస్తుంది. కూల్చమంటే ఇల్లు అమ్మేద్దామని ఆస్బర్ట్‌కి మాటిచ్చింది హెస్టర్. కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు.

గెడ్జ్ గారు పరంజా ఎక్కి పెదవి విరిచింది. "గోడ ముందుకి ఉబ్బిందమ్మా. కూల్చక తప్పేలా లేదు."

"పట్టాలు తీసి చూడండి ముందు!" అంది హెస్టర్.

ఒకటి తీశారు. సున్నం తప్ప ఏమీ లేదు. రెండోదాని కిందా అంతే. మూడోది తీసేసరికి హెస్టర్ పరంజా ఊగిపోయేలా గెంతింది. "ఆస్బర్ట్! ఎక్కడికీ పోలేదు, మనింట్లోనే ఉంది!"

ఆస్బర్ట్ రొప్పుకుంటూ ఎక్కొచ్చాడు. పెద్ద అడుగుల చుట్టూ బొటనవేలి గోరంతేసి బుల్లి అడుగులు. ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఇటుక ఇటుక మీదా అవే!

గెడ్జ్ గారు కళ్ళద్దాలు సర్దుకుని లెక్కపెట్టబోయి మానేసింది. "ఇంకా పాలు తాగే కూనల్లే ఉన్నాయే!"

"మరి కూల్చడం?" అన్నాడు ఆస్బర్ట్.

"ఏం మాటలయ్యా అవి? అటక మీద గబ్బిలం కాపురముంటేనే ముట్టుకోవడానికి చట్టం ఒప్పదు. బాలింతని వీధిన పడేస్తానా? ఇనప కడ్డీలేసి గోడని బిగించుకోండి."

ఆస్బర్ట్ అక్కణ్ణుంచే కొనేవాడికి ఫోన్ చేశాడు. "ఇల్లు అమ్మడం లేదండి. కుక్క ఈనింది."

"అలాగా! ఎన్ని పిల్లలు?" అన్నాడు అవతలాయన.

హెస్టర్‌కి అవేమీ వినబడలేదు. అప్పటికే ఆమె ఏడుస్తూ, నవ్వుతూ, కారవాన్‌లోంచి పరుపు ఈడ్చుకుంటూ ఇంట్లోకి వెళ్తోంది.