పంతొమ్మిది అంగుళాల దారి

పొద్దున్నే జమున చేసే మొదటి పని, కంప్యూటర్ కింద పెట్టిన స్టీలు గిన్నెలోని నీళ్లు పారబోయడం. వాతావరణం చెప్పే సైటును ఆమె బ్రౌజర్లోంచి బయటికి తీసి, దానికంటూ ఒక డబ్బా కట్టి, తెర మీద విడిగా పెట్టింది. అప్పటినుంచి ఎక్కడ వాన పడ్డా ఆ డబ్బా కారుతుంది. వంటల సైటుకూ అలాగే వేరు కాపురం పెట్టించింది. పదకొండింటికి అందులోంచి పోపు వాసన రాగానే పక్కింటి గంగవ్వ ఉత్తన్నం గిన్నెతో వచ్చి కూర్చుంటుంది. "ఇయ్యాల ఇంగువ ఎక్కువైంది" అని వంక కూడా పెడుతుంది.

సూరత్‌లోని డిండోలిలో ఆన్‌లైన్ ఫారాలు నింపిపెట్టే కొట్టు జమునది. ఇంటి ముందుగదే కొట్టు. నలభై సైట్లు ఒక్కచోట గుంపుగా ఉంటే ఒకదాని చాటున ఒకటి దాక్కుంటాయని, విడిగా కూర్చోబెడితేనే మొహం చూసి జవాబు చెబుతాయని ఆమె నమ్మకం.

ఆ మే నెలలో అందరికీ కావలసింది ఒక్కటే సైటు, ఊరికి పోవడానికి పాసు ఇచ్చేది. లాక్‌డౌన్‌తో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగి యాభై రోజులు. జగిత్యాల దిక్కునుంచి వచ్చి సాంచా నడుపుతున్న లింగం రోజూ వచ్చి గడప బయట నిలబడేవాడు. ఊళ్లో భార్య సారక్కకు నెలలు నిండాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పుడూ లింగం సూరత్‌లోనే ఉన్నాడు. ఈసారైనా పక్కన ఉంటానని ఆమెకు మాటిచ్చాడు.

మొదట పెట్టిన దరఖాస్తును సైటు విసిరికొట్టింది. ఈ ఫోను నంబరు మీద ఇప్పటికే ఒకరున్నారంది. తప్పు జమునదే. లింగానిది పగటి పాలీ, అంటే పగటి షిఫ్టు, అదే గదిలో ఉండే నర్సింగానిది రాత్రి పాలీ. ఒకడు లేచిన పరుపు మీద ఇంకొకడు పడుకుంటాడు. నిద్రపోయేవాడికి ఫోనెందుకని ఫోను కూడా ఇద్దరికీ ఒక్కటే కొన్నారు. ఆ గదుల్లో అందరూ అంతే కనుక జమున ఆలోచించకుండా ఇద్దరికీ ఒకే నంబరు రాసేసింది. పాలీలు లేని ఈ రోజుల్లో గదిలోని పన్నెండుమందీ ఒకేసారి లోపల పడితే, ఆరుగురు పడుకుంటే ఆరుగురు కూర్చోవలసి వచ్చింది.

జమున తన నంబరు ఇచ్చి, పాసు సైటుకు లింగం పేరున కొత్త డబ్బా కట్టింది. దానికి నర్సింగం సంగతి తెలియదు. సూరత్ వచ్చిన ఏడేళ్లలో లింగానికి ఒక్కడికే అంటూ దక్కింది ఆ డబ్బా ఒక్కటే. సైటు ఈసారి దరఖాస్తు తీసుకుని 'పరిశీలనలో ఉంది' అంది. పదకొండు రోజులు అదే మాట. డబ్బా తెరిస్తే, మనుషులు లేని గదిలో తిరిగే ఫ్యాను వేడిగాలి తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

పన్నెండో రోజు మిట్టమధ్యాహ్నం లింగం పరుగెత్తుకుంటూ వచ్చాడు. పిక్క మీద లాఠీ దెబ్బ తేలి ఉంది.

"అక్కా, నొప్పులు మొదలైనయట. అత్త ఫోన్ చేసి ఏడుస్తున్నది."

జమున డబ్బా తెరిచింది. పరిశీలనలో ఉంది.

"ఏం పరిశీలిస్తున్నవ్‌రా?" అని తెర మీద అరిచింది. "దేశం మొత్తానికి చీరెలు నేసినప్పుడు ఏ పరిశీలన లేకుంటనే పనికొచ్చిండు గద! ఇంటికి పోతనంటే పరిశీలనా? నీ ఫ్యాను పాడుగాను!"

తిట్టి ఊరుకోలేదు. మ్యాపుల సైటును బయటికి లాగి డబ్బా కట్టింది. కాగితం ఉంటే దర్జాగా రైలెక్కి పోతాడు కదా, దొంగలా ఎందుకు పోవాలని ఇన్నాళ్లూ ఆ పని చేయలేదు. అలా ఆశపడినందుకు ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండింది. లింగం ఊరు, లింగం వాడ, లింగం ఇల్లు వచ్చేదాకా దగ్గరికి జరిపి, డబ్బాను తెరనిండా పరిచింది. వడగాలి కొట్టింది. కీబోర్డు మీద ఎర్రమట్టి రాలింది. లోపల ఎక్కడో ఆడమనిషి మూలుగు.

"సారక్కనే" అన్నాడు లింగం.

చెప్పులు విడిచి బల్ల ఎక్కాడు. తెర పంతొమ్మిది అంగుళాలే. తల దూర్చి, ఒక భుజం పోనిచ్చి, ఏటవాలుగా జరిగాడు. రోజుకొక్క కిచిడీ పొట్లంతో బతికిన ఒళ్లు కనుక పట్టింది. మార్చిలో అయితే ఇరుక్కుపోయేవాడు. పక్కటెముకలు ఒక్కొక్కటే అంచు దాటుతుంటే జమునకు సంతోషం కలగలేదు. మనిషిని ఇంత సన్నగా చేసినవాళ్ల మీద కోపమే వచ్చింది.

"చెప్పులు మరిచిండు" అంటూ భర్త నరేశ్ వాటిని లోపలికి విసిరాడు.

"జర మూయిండ్రి, దుమ్మొస్తున్నది" అంది గంగవ్వ.

సాయంత్రం లింగం ఫోన్ చేశాడు. బిడ్డ అడ్డం తిరిగిందట. కరోనా భయానికి వాడలో ఒక్కరూ సారక్కను ముట్టుకోవడానికి రాలేదట. తనే ఎత్తుకుని ట్రాక్టర్ ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఆడపిల్ల. ఇద్దరూ బతికారు.

మర్నాడు పాసు సైటు జవాబిచ్చింది. పరిశీలించగా సదరు లింగం అనే వ్యక్తి ఈ చిరునామాలో లేరని తేలిందట, దరఖాస్తు తిరస్కరించారట. జమున రెండుసార్లు పైకి చదివింది. గడప బయట నర్సింగం, అతని వెనక మిగిలిన పదిమందీ విన్నారు.

నర్సింగం తెరను చూశాడు, తన భుజాలు చూసుకున్నాడు.

"నేను ఇంకో నెల ఆగుత తీ అక్కా. అప్పటికి నేను గూడ సన్నవడుత."

ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. జమునకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమయ్యా, గోడ మీది టీవీ దించి కింద నిలువుగ పెట్టు" అంది నరేశ్‌తో.

"ఎందుకే?"

"ఇంక ఎవ్వరు సన్నవడేది లేదు. ఎంత మనిషి అంతనే పోవాలె."

నరేశ్ స్టూలు తెచ్చుకున్నాడు. జమున పెద్ద గిన్నెలో పదకొండు మందికి సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.

"లోపలికి రాండ్రి. ముందు కడుపునిండ తినుండ్రి, తర్వాత పోదురు."