కొట్టేసిన ‘ఓపికగా’

మా కేంద్ర బ్యాంకులో వడ్డీ రేటు నిర్ణయించే సంఘంలో ఆరుగురుంటారు. సమావేశంలో ఎవరేమన్నారో పేర్లతో సహా మినిట్స్‌లో రాయడం నా పని. రెండు వారాల తర్వాత వాటిని దేశమంతా చదివేలా ప్రచురిస్తారు. ఉత్తరాన పల్లెబడిలో చదివిన నాకు, ఇంత చదువుకున్నవాళ్లు ఏమీ చెప్పకుండా ఇంతసేపు మాట్లాడగలరని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

ఆ ఫిబ్రవరిలో రేటు మార్చకూడదని పది నిమిషాల్లో తేల్చారు. ప్రకటన రాయడానికి మూడు గంటలు పట్టింది. “సంఘం ఓపికగా వేచి చూస్తుంది” అన్న వాక్యం ఏడాదిగా మారకుండా వస్తోంది. గవర్నరు సిక్స్టెన్ దాని మీద పెన్ను పెట్టాడు.

“ఈ ‘ఓపికగా’ తీసేద్దాం. ముసలి కంపు కొడుతోంది.”

ఆ ఉదయమే ఒక పత్రిక అతన్ని గుర్రుపెట్టే ఎలుగుబంటిగా బొమ్మ వేసింది. అందరూ చూశారు. ఎవరూ ఆ ఊసెత్తలేదు.

“ఆ మాట పోతే రేటు పెంచబోతున్నారనుకుంటారు, సిక్స్టెన్,” అన్నాను.

“నువ్వు రాసుకో రాగ్నీ. అనుకునే పని మాకొదిలెయ్.”

మిగతా ఐదుగురూ దాల్చినచెక్క బన్నులు నములుతూ తలలూపారు. ఇక్కడ పెద్దాచిన్నా లేకుండా అందరం పేర్లతోనే పిలుచుకుంటాం. ఎదుటివాళ్ల మాట వినకపోవడానికి అదేం అడ్డు రాదు.

ప్రకటన వెలువడిన ఇరవై నిమిషాలకు మార్కెట్లో రేట్లు ఎగిశాయి. ఇళ్ల రుణాలిచ్చే బ్యాంకులూ తమ రేట్లు పెంచేశాయి.

సమావేశాల్లో కాఫీ పోసే గున్వోర్ నన్ను వంటగదిలో నిలదీసింది. “శుక్రవారం మా ఇంటి అప్పుకి కొత్త రేటు పడుతుంది. నెలకి ఇంకో రెండు వేల క్రోనాలంటే ఇల్లు అమ్ముకోవడమే. నిజంగా పెంచుతున్నారా మీవాళ్లు?”

“లేదు. ఎలుగుబంటి బొమ్మ చూసి రోషమొచ్చి ఒక మాట కొట్టేశారు.”

“దానికి నా ఇల్లా?”

నేను తిరిగి సమావేశ గదిలోకి వెళ్లి, శుక్రవారంలోగా ఒక్క వాక్యం సవరణ ఇస్తే చాలన్నాను.

సిక్స్టెన్ నవ్వాడు. “దిద్దుకుంటే మనకేం తెలీదనుకుంటారు.”

తెలియదు కదా అని నేను అనలేదు.

మధ్యాహ్నానికి ఆ మాట కొట్టేయడానికి వాళ్లలో ఒకరికి జీతాల పెరుగుదల అనే కారణం దొరికింది, ఇంకొకరికి చేపల ధర. సాయంత్రానికి ఆ మాటను ఆలోచించే తీసేశామని ఆరుగురూ నమ్మారు. తర్వాతి సమావేశంలో రేటు నిజంగానే పెంచి, ముందే సూచించాం కదా అన్నారు.

ఏప్రిల్‌లో గున్వోర్ ఇల్లు అమ్మేసింది.

ఆ తర్వాత జరిగిన సమావేశంలో కాఫీ ఆలస్యమైంది. సిక్స్టెన్ వేలితో బల్ల మీద కొట్టాడు.

“గున్వోర్, ఇంకా ఎంతసేపు?”

“ఓపికగా వేచి చూడు, సిక్స్టెన్. నువ్వు కొట్టేసిన మాటే. నేను దాచిపెట్టాను.”

ఐదుగురూ ఖాళీ కప్పుల్లోకి చూశారు. నేను తల వంచుకుని ఆ ప్రశ్ననూ జవాబునూ పొల్లుపోకుండా మినిట్స్‌లో ఎక్కించాను. ప్రచురణకు ముందు ప్రతి సభ్యుడూ తన మాటలు మాత్రమే చదువుకుంటాడు. సిక్స్టెన్ తన ప్రశ్న చదివి, బాగానే ఉందని సంతకం పెట్టాడు.