సరోజమ్మ పన్ను

ఏలూరులో డాక్టర్ మునీరా పళ్ల ఆసుపత్రి పొద్దున తొమ్మిదిన్నరకి తెరుస్తారు. వచ్చినవాళ్ల పేర్లు రాసేది ఆమె తండ్రి ఇమాం సాహెబ్. ఆ రోజు నాలుగో పేరు సరోజమ్మది. కలిదిండి నుంచి బస్సులో వచ్చింది.

బాపిరాజుగారి చేపల చెరువులకి ఆవిడ కాపలా. నీళ్లలో గాలి తగ్గిందంటే ఆవిడ కింది పన్ను ఒకటి సన్నగా మోగుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో చేపలు పైకి తేలి నోళ్లు తెరవకముందే ఆవిడ కబురు చెబితే, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు వేస్తారు. అది అందరికీ తెలిసిన సంగతే. మునీరా కూడా ఏ పన్నో చూపించమందంతే.

చిగురు కిందికి జారి పంటి వేరు బయటపడింది. దాని మీద గోధుమరంగు మచ్చ. సూదితో తాకితే మెత్తగా దిగింది. పంటి పైభాగానికి ఉండే గట్టి పొర వేరుకి ఉండదని, అక్కడ పుచ్చు తొందరగా పాకుతుందని, తీసేయడమే తేలికని మునీరా చెప్పింది.

"తీసేస్తే చెరువు మీద నాకు పనేముంటుందండీ?" అంది సరోజమ్మ.

బతిమాలలేదు. ఊరికే అడిగింది. మునీరా మళ్లీ లైటు వేసి చూసింది. పుచ్చు ఇంకా లోతుకి పోలేదు. వేరుకి ఫ్లోరైడ్ పూత పూసి, ఫ్లోరైడ్ ఎక్కువున్న పేస్టు రాసిచ్చింది. తోమాక నీళ్లతో పుక్కిలించకుండా ఉమ్మేయమంది. తీపి టీలు తగ్గించమంది.

"గట్టిపడొచ్చు. మాట మాత్రం ఇవ్వలేనండీ."

సరోజమ్మ మూడు నెలలకోసారి వచ్చింది. మూడోసారికి మచ్చ నల్లబడి నున్నగా మెరుస్తోంది. సూది దిగలేదు, జారిపోయింది. మునీరా చెయ్యి తీసేలోపే పన్ను మోగింది. చుట్టుపక్కల చెరువన్నదే లేదు.

సరోజమ్మ కుర్చీ దిగి, మోత పెరిగిన వైపు నడుచుకుంటూ వెళ్లి ఇమాం సాహెబ్ బల్ల దగ్గర ఆగింది.

"డాక్టరమ్మా, పెద్దాయనకి గాలి చాలడం లేదండి."

పొద్దున తిన్న పెసరట్టు అరగలేదంతేనని ఆయన విసుక్కున్నాడు. మునీరా వాదించలేదు. బయట కూర్చున్న ముగ్గురినీ రేపు రమ్మని, ఆటో పిలిచింది.

గుండెకి వెళ్లే రక్తనాళం దాదాపు మూసుకుపోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని పెద్దాసుపత్రి డాక్టర్ అన్నాడు. ఎలా కనిపెట్టారని అడిగాడు. సరోజమ్మ పన్ను మోగిందని మునీరా చెప్పింది.

ఆయన తలూపి, కేసు షీటులో అదే రాసుకుని, పెద్దాయన్ని లోపలికి తీసుకెళ్లమన్నాడు.