కొబ్బరినూనె పోసిన ఫ్యాను

నగర్తపేటలో మేము పుట్టి పెరిగిన అద్దె ఇంటిని పడగొడుతున్నామని యజమాని కబురు పంపేనాటికి, మాదంటూ అక్కడ మిగిలింది ఒక్కటే: నడిమి గది దూలానికి వేలాడుతున్న పాత ఫ్యాను. మా తరువాత ఆ గదిని చిన్నాన్న కొడుకు సరుకు పెట్టుకోవడానికి వాడుకున్నాడు. ఫ్యాను యాభై నాలుగేళ్లుగా తిరగలేదు, ఎవరూ దింపలేదు.

పాత సామాను కొనే గుజరీవాడికి ఇచ్చేద్దామన్నాను. యలహంకలో నాతోనే ఉంటున్న మా అక్క మునిలక్ష్మి చేతిలోని చాట కింద పెట్టింది.

"ఇయ్యొద్దురా అమరా. అది యాల నిల్చిపోయిందో ఎవురినన్నా అడుగు. ఆమేలె గుజరీకే వేస్తావో, నెత్తినే పెట్టుకుంటావో నీ ఇష్టం."

"ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తావక్కా?"

"దాన్ని చెడిపింది నేనే అనుకుంటాండాను కాబట్టి. అవునో కాదో తేలల్ల."

ఆమె చెప్పింది. ఇంటి కింది భాగంలో నాన్నకు ఇత్తడి కుందులకు మెరుగు పెట్టే చిన్న కార్ఖానా ఉండేది. ఆయుధపూజ నాడు ప్రతి యంత్రాన్నీ కడిగి, నూనె పెట్టి, విభూతి కుంకుమలు అద్దడం ఆనవాయితీ. పన్నెండేళ్ల అక్కకు ఫ్యాను కూడా యంత్రమేనన్న సంగతి తోచింది. బల్ల మీద పీట వేసుకుని ఎక్కి, గిన్నెడు కొబ్బరినూనె పైనుంచి పోసి, కుంకుమ పెట్టింది. వారం తిరగకుండానే ఫ్యాను ఆగిపోయింది. అప్పటికే ఉబ్బసంతో మంచం పట్టిన నాన్న, ఆ గదిలో మరో పది రోజులే ఉన్నాడు.

"ఫ్యాను తిరిగినా నాన్న దక్కేవాడు కాదక్కా. ఊపిరితిత్తుల నిండా ఇత్తడి దుమ్ము."

"తెలుసప్పా. ఆ పది దినాలు రవంత గాలన్నా తగిలుండు కదా."

అక్క ఏప్రిల్ ఎండల్లో కూడా ఫ్యాను కింద పడుకోదు. చాప తీసుకుని వరండాలోకి వెళుతుంది. అది అలవాటనుకున్నానని చెబితే అబద్ధమవుతుంది. ఆ ఆయుధపూజ నాడు ఏడేళ్ల నేను తలుపు వెనక నిలబడి అంతా చూశాను. ఎవరికీ చెప్పలేదు. తరువాత ముప్ఫై ఏళ్లు కళాశాలలో తత్వశాస్త్రం బోధించాను. కర్మకూ ఫలానికీ మధ్య సంబంధమేమిటన్న ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరికిందనుకునేవాణ్ణి. అది ఆ తలుపు వెనకే దొరికింది.

మరుసటి వారం ఫ్యానును దింపించి, నగర్తపేటలోనే రెండు వీధుల అవతల మోటార్లకు తీగ చుట్టే మునినారాయణప్ప దుకాణానికి చేర్చాము. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఫ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, పెండ్లికూతుర్ని చూసినట్టు తల వంచి చూశాడు.

"ఇది డీసీ కరెంటు ఫ్యాను అయి ఉండాలి," అన్నాను.

"ఎవురు చెప్పినారు సార్?"

"ఫోన్లో చదివాను."

"డీసీ అయితే లోపల కార్బన్ ముక్కలుండల్ల. ఎక్కడుండాయో ఆ ఫోన్నే చూపించమనండి."

అక్క పైట చాటున నవ్వింది. ఆయన ఇనుప ఒంటి మీది రంగును కిరోసిన్ గుడ్డతో ఓపికగా రుద్దాడు. నాలుగు పొరల కింద చిన్న ఇత్తడి రేకు బయటపడింది. కంపెనీ పేరు అరిగిపోయింది. ఏసీ అనీ, రెండు వందల ముప్ఫై వోల్టులనీ, యాభై సైకిళ్లనీ మాత్రం తెలిసింది.

"ఇప్పుడు హెర్ట్జ్ అంటారే, దాన్ని సైకిళ్లని రాసినారంటే పాత కాలందే. రెక్కల్ని పట్టుకున్న చేతులు కూడా ఇత్తడివే. మీ నాయన కొనేటప్పటికే ఇది ముసలిది." తరువాత దాన్ని పక్కకు దొర్లించి ఆగాడు. "ఎవురో పుణ్యాత్ములు దీనికి తలంటు పోసినారే!"

పైభాగాన దుమ్ముతో కలిసి గట్టిపడిన పసుపుపచ్చని పెచ్చు. అందులో అక్కడక్కడా ఎరుపు. అక్క నవ్వు ఆగిపోయింది.

"అది లోపలికి పోయిందా అన్నా?" అని అడిగింది.

ఆయన ఆమె ముఖం చూశాడు. మరి హాస్యమాడలేదు. ఫ్యానును తలకిందులు చేసి, అడుగున ఉన్న మర విప్పాడు. చిన్న గిన్నె చేతికి వచ్చింది. దాని అడుగున నల్లని నూనె.

"నూనె పోసే దావ ఇది, కింద. ఇరుసు ఈ గిన్నెలోనే మునిగుంటాది. పైన టోపీ మాదిరి రేకుండాది చూడమ్మా. అక్కడ పోసింది అంచు మీంద జారి నేలకు పోతాది. ఇది మిషన్ ఆయిలే. వాసన చూడు."

అక్క వాసన చూసింది. నాకూ చూపించింది. కొబ్బరి జాడ లేదు.

"అట్లయితే యాల నిల్చిపోయింది?"

ఆయన ఫ్యాను మెడ దగ్గరి బుడ్డిలోంచి తుప్పు పట్టిన రేకుపెట్టెను బయటికి తీశాడు. "లోపల రెండు చుట్లుంటాయి. ఒక చుట్టుకు బలముండాది గానీ ఏ పక్క తిరగల్లో తెలీదు. రెండోది రవంత ముందు పోయి దారి చూపించల్ల. దాన్ని ముందుకు పంపేది ఈ కండెన్సరు." పెట్టె అంచు కత్తిరించాడు. లోపలి కాగితం చుట్టలు ఎండి, మాడి, పొడిగా రాలాయి. "ఇది ఒక దినంలో చచ్చింది కాదు. ముందు బలం తగ్గుతాది. స్విచ్చేస్తే మూలుగుతాదే గానీ తిరగదు. కట్టెతో తోస్తే తిరుగుతాది. ఆమేలె ఒకనాడు లోపలే కాలిపోతాది, ఎంత తోసినా లెయ్యదు. మీ ఇంట్లో ఎవురన్నా తోస్తాండిరా?"

అక్కా నేనూ ఒకరినొకరం చూసుకున్నాము.

"గొడుగు," అన్నాను.

"లెయ్‌రా సోంబేరీ!" అంది అక్క, అచ్చం నాన్న గొంతుతో.

ఆ ఏడు ఎండాకాలమంతా నాన్న మంచం మీద నిలబడి గొడుగు మొనతో రెక్కను పొడిచి ఫ్యానును లేపేవాడు. ఆ సోమరిని తిట్టడం మాకు పెద్ద వినోదం. అది పూజకు అయిదు నెలల ముందటి మాట. ఆ జ్ఞాపకాన్ని మేమిద్దరం వేడుకగా దాచుకున్నాము, నూనె పోసినదాన్ని నేరంగా. రెంటినీ ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. కాకతాళీయమంటూ కాకి వాలడం, తాటిపండు రాలడం గురించి ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి నేను.

"అక్కా, ఆ దినం నువ్వు నూనె పోస్తుంటే నేను చూసినాను."

ఆమె నా వైపు తిరిగింది.

"నాయనకు చెప్పలేదా?"

"నీకు దెబ్బలు పడతాయని చెప్పలేదు."

"నువ్వు కూడా నేనే చెడిపినాననుకున్నావా? ఇన్నేండ్లూ?"

"అనుకున్నానక్కా."

అరిచేత్తో నా నెత్తిన ఒకటి వేసింది. "పెద్ద లెక్చరరంట! గొడుగు గుర్తు రాలేదంట!" కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆ దెబ్బకు నాకు కలిగిన ఊరట ఏ గ్రంథమూ ఇవ్వలేదు.

మునినారాయణప్ప కొత్త కండెన్సరు బిగించి, ఫ్యానును ఇనుప కొక్కేనికి తగిలించి స్విచ్చి వేశాడు. ఒక్క క్షణం మూలిగింది. నా చెయ్యి గాలిలో గొడుగు కోసం వెతికింది. అంతలోనే రెక్కలు వాటంతట అవి కదిలాయి.

ఇప్పుడది యలహంకలో మా హాలులో ఉంది. నిన్న మధ్యాహ్నం అక్క చాప తీసుకుంది. వరండా వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, సరిగ్గా దాని కిందే పరుచుకుంది. నేను పుస్తకం తెరిచాను గానీ చదవలేదు. పావుగంట గడిచాక, కళ్లు తెరవకుండానే అంది:

"రవంత స్పీడు తగ్గించురా అమరా. చలేస్తాండాది."